అందరి చేతికీ పుస్తకం

మార్కాపురం పేరు చెప్పగానే ఎవరికైనా ముందుగా గుర్తుకు వచ్చేది పలక. ఒకప్పుడు మన ప్రాంతపు రాతిపలకలు ఎన్నో రాష్ట్రాల బడి పిల్లల సంచుల్లో ఉండేవి. నోటు పుస్తకాలు వచ్చాక పలకల వాడకం తగ్గింది. అయినా మన హాస్టల్లో చదివిన వాళ్లలో చాలామంది 'అ, ఆ'లు దిద్దింది ఆ రాతిపలక మీదే.

అయితే ఇంకొక రకం పలక ఉంది. దాని మీద బలపంతో రాయరు. దానితో రాసింది కళ్లతో చదవరు, వేలి కొసతో చదువుతారు. అదే బ్రెయిలీ పలక. ఆ పలక గురించి, అచ్చు పుస్తకం ఎదురుగా ఉన్నా చదవలేని మన తోటి విద్యార్థుల గురించి, వారి కోసం మనం చేయగలిగిన పనుల గురించి ఈ వ్యాసంలో తెలుసుకుందాం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు మాకు మొదట తట్టిన విషయం ఇదే. ఎందుకో ముందు చెబుతాం.

మా అనుభవం

మేము పీజీలో చేరిన సంవత్సరం మా తరగతిలో చూపు లేని మిత్రుడొకడు ఉండేవాడు. అతనిదీ మన పశ్చిమ ప్రకాశమే. పాఠం ఒకసారి వింటే చాలు, నెల తర్వాత అడిగినా వరుస తప్పకుండా చెప్పేవాడు. రెండో సెమిస్టర్‌లో అందరికీ సెమినార్ పెట్టారు. చదవాల్సిన జాబితాలో రెండు పుస్తకాలు, మూడు పరిశోధన వ్యాసాలు ఉన్నాయి. పుస్తకాలు లైబ్రరీలో అచ్చులో ఉన్నాయి. వ్యాసాలు పీడీఎఫ్ ఫైళ్లుగా సెల్‌ఫోన్లకు వచ్చాయి.

అతని ఫోను తెర మీది అక్షరాలను పైకి చదువుతుంది. మొదటి వ్యాసం తెరిస్తే ఫోను ఏమీ పలకలేదు. రెండోది తెరిస్తే తెలుగూ కాని, ఇంగ్లీషూ కాని గోల ఒకటి మొదలుపెట్టింది. మొదట అతనే నవ్వాడు. మూడోది కూడా అలాగే ఉండేసరికి ఫోను పక్కన పెట్టేశాడు.

మేము ముగ్గురం రూమ్మేట్లం వంతులు వేసుకుని రాత్రి భోజనాల తర్వాత చదివి వినిపించడం మొదలుపెట్టాం. మా పనులన్నీ అయ్యాక, నిద్ర ముంచుకొచ్చే వేళకు అతని వంతు వచ్చేది. ఒకరోజు త్వరగా ముగించాలని పేజీ అడుగున ఉన్న ఫుట్‌నోట్లు వదిలేశాం. అతను కనిపెట్టేశాడు. "పైన మూడో నంబరు అని చదివినావు గదా, ఆ మూడో నోట్ ఏది?" అని అడిగాడు. అది అంత ముఖ్యం కాదులే అన్నాం. "ముఖ్యమో కాదో నేను గదరా తేల్చుకోవాల్సింది!" అన్నాడు. మా దగ్గర సమాధానం లేకపోయింది.

సెమినార్ రోజుకు రెండు వ్యాసాలు మిగిలిపోయాయి. ఉన్నంతలో మాట్లాడాడు. తరగతిలో అందరికంటే తక్కువ మార్కులు అతనికే వచ్చాయి. తెలివి తక్కువై కాదు, పుస్తకం సమయానికి అతని దాకా చేరక.

ఆ రోజు నుంచి మాకు ఇల్లు గుర్తుకు రావడం మొదలైంది. మా ఇంట్లో డిగ్రీ దాటిన వాళ్లం మేమే మొదటి వాళ్లం. బ్యాంకు కాగితం వచ్చినా, భూమి పాసు పుస్తకంలో ఏదైనా రాసి ఉన్నా చదివి చెప్పే పని చిన్నప్పటి నుంచి మాదే. అమ్మ పక్కన కూర్చుని, "అంతా చదువు నాయనా, మధ్యలో మింగమాక" అనేది. అమ్మ అడిగిందీ, మిత్రుడు అడిగిందీ ఒకటే. ఈ సంచిక చదువుతున్న మీలో చాలామంది మీ ఇళ్లలో ఈ పని చేసే ఉంటారు. కాబట్టి ఇక్కడ చెప్పబోయే విషయం మనకు బొత్తిగా కొత్తదేమీ కాదు.

చుక్కల లిపి

లూయీ బ్రెయిలీ 1809 జనవరి 4న ఫ్రాన్స్‌లోని కూవ్రే అనే పల్లెలో పుట్టాడు. తండ్రి గుర్రపు జీనులు కుట్టే తోలు పనివాడు. మూడేళ్ల వయసులో లూయీ తండ్రి పనిముట్లతో ఆడుకుంటుండగా కోసుగా ఉన్న పనిముట్టు ఒకటి కంట్లో గుచ్చుకుంది. ఆ గాయం చీము పట్టి రెండో కంటికి కూడా పాకింది. అయిదేళ్లు వచ్చేసరికి రెండు కళ్లూ పోయాయి.

పారిస్‌లోని అంధుల పాఠశాలలో చేరాక అతనికి ఇచ్చిన పుస్తకాల్లో మామూలు అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చు వేసి ఉండేవి. ఒక్కో పుస్తకం మోయలేనంత బరువు, ఒక్కో అక్షరం తడిమి పోల్చుకోవడానికి ఎంతో సమయం. పైగా చదవడమే గాని, విద్యార్థి సొంతంగా రాసుకునే వీలు లేదు. సైన్యంలో పనిచేసిన బార్బియే అనే అధికారి చీకట్లో చదువుకునేందుకు పన్నెండు చుక్కల పద్ధతి ఒకటి తయారు చేశాడు. లూయీ దానిని ఆరు చుక్కలకు తగ్గించి, 1824లో, తన పదిహేనో ఏట, కొత్త లిపి రూపొందించాడు. 1829లో దానిని పుస్తకంగా వెలువరించాడు. తోలుకు రంధ్రాలు పొడిచే ఆరె లాంటి మొనదేలిన పనిముట్టుతోనే ఆ లిపి రాస్తారు. చూపు పోగొట్టిన వస్తువు వంటిదే చదువు తెచ్చిపెట్టింది. అయితే అతను చదివి, పాఠాలు చెప్పిన పాఠశాల ఆ లిపిని అధికారికంగా స్వీకరించింది 1854లో. అప్పటికి లూయీ చనిపోయి రెండేళ్లయింది.

మన దేశంలో ఒకప్పుడు ఒక్కో చోట ఒక్కో చుక్కల పద్ధతి ఉండేది. 1951లో అన్ని భారతీయ భాషలకూ కలిపి 'భారతి బ్రెయిలీ' వచ్చింది. హిందీ 'క'కు, తెలుగు 'క'కు, తమిళ 'క'కు ఒకటే గుర్తు. దానిని కొంచెం నేర్చుకుందాం.

నిలువుగా మూడు, వాటి పక్కన మరో మూడు చుక్కలు ఊహించుకోండి. ఎడమ వరుసలో పై నుంచి కిందికి 1, 2, 3. కుడి వరుసలో పై నుంచి కిందికి 4, 5, 6. ఇది ఒక గడి. ఏ చుక్కలు ఉబ్బెత్తుగా ఉన్నాయనే దాన్ని బట్టి అక్షరం. మొత్తం 63 రకాల గుర్తులు వస్తాయి. 'ప'కు 1, 2, 3, 4 చుక్కలు. 'ల'కు 1, 2, 3 చుక్కలు. 'క'కు 1, 3 చుక్కలు. ఈ మూడు గడులు వరుసగా పెడితే 'పలక' అయింది.

గుణింతం మన అచ్చులో లాగా అక్షరానికి అతికి ఉండదు. 'కి' రాయాలంటే 'క' గడి, దాని తర్వాత 'ఇ' గడి. ఒత్తు ఉంటే, పొల్లు కావలసిన హల్లుకు ముందు నాలుగో చుక్క ఒక్కటే ఉన్న గడి పెడతారు. 'అమ్మ' రాయాలంటే మొదట 'అ' (1వ చుక్క), తర్వాత పొల్లు గుర్తు (4వ చుక్క), తర్వాత 'మ' (1, 3, 4 చుక్కలు), మళ్లీ 'మ'. అంతే. బ్రెయిలీ పలకలో కాగితం బిగించి వెనుక వైపు నుంచి పొడుస్తారు కనుక రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకు రాయాలి. కాగితం తిప్పితే ఎడమ నుంచి కుడికి చదువుకోవచ్చు.

బ్రెయిలీకి ఒక ఇబ్బంది ఉంది. ఒక మామూలు అచ్చు పుస్తకం బ్రెయిలీలో పెద్ద పెద్ద సంపుటాలు అవుతుంది. ముద్రణకు ప్రత్యేక యంత్రాలు, మందపాటి కాగితం కావాలి. అందుకే బడి పాఠాలు దొరికినంతగా డిగ్రీ, పీజీ పుస్తకాలు, పరిశోధన గ్రంథాలు బ్రెయిలీలో దొరకవు. పై చదువుకు వెళ్లే కొద్దీ చూపు లేని విద్యార్థికి పుస్తకాలు తగ్గిపోతాయి. ప్రపంచ అంధుల సంఘం ఈ స్థితికి పెట్టిన పేరు 'పుస్తకాల కరువు'. కరువంటే ఏమిటో మన ప్రాంతం వాళ్లకు వేరే చెప్పాల్సిన పని లేదు.

ఫోను ఎందుకు చదవలేదు?

కంప్యూటరు వచ్చాక ఈ కరువు తీరే దారి కనిపించింది. తెర మీది అక్షరాలను పైకి చదివే సాఫ్ట్‌వేర్‌ను స్క్రీన్ రీడర్ అంటారు. ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ కరన్, జేమ్స్ టే అనే ఇద్దరు అంధ యువకులు 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌ను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. తెలుగు కూడా చదువుతుంది. సెల్‌ఫోన్లలో అయితే ఈ సౌకర్యం లోపలే ఉంటుంది.

మరి మా మిత్రుని ఫోను ఎందుకు చదవలేదు? దీనికి రెండు కారణాలు.

మొదటిది: ఆ ఫైలులో అక్షరాలు లేవు, పేజీల ఫొటోలు ఉన్నాయి. మన కంటికి అవి అక్షరాలే. యంత్రానికి మాత్రం గోడ ఫొటోకూ పేజీ ఫొటోకూ తేడా తెలియదు.

రెండోది: పాత డీటీపీ ఫాంట్లు. వాటిలో కంప్యూటరు లోపల నిల్వ ఉండేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. వాటి మీద తెలుగు రూపం తొడిగి తెర మీద చూపిస్తారు. అచ్చు వేస్తే చక్కగా తెలుగే వస్తుంది. స్క్రీన్ రీడర్‌కు మాత్రం ఆ తొడుగు కనబడదు. లోపల ఉన్న గుర్తులనే చదువుతుంది. మేము విన్న గోల అదే. యూనికోడ్ పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంటుంది కనుక ఈ చిక్కు రాదు. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి రూపంలోనే తెలుగు ఉంది. ఆ తర్వాత కూడా ఎన్నో తెలుగు పుస్తకాలు, పత్రికలు, సిద్ధాంత గ్రంథాలు పాత ఫాంట్లలోనే తయారయ్యాయి. అచ్చు బాగా కనిపిస్తే చాలనుకున్నారు గాని, దాన్ని వినేవారు ఉంటారని ఎవరికీ తోచలేదు.

ఒక తెలుగు యువకుడి పోరాటం

పుస్తకం అందితే ఏమవుతుందో చెప్పడానికి దూరం వెళ్లనక్కర్లేదు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో రైతు కుటుంబంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్‌కు పుట్టుకతోనే చూపు లేదు. హైదరాబాద్‌లో అంధ బాలల పాఠశాలలో చదివాడు. పదో తరగతి తర్వాత సైన్స్ తీసుకుంటానంటే, బొమ్మలు, గ్రాఫులు ఉంటాయి కనుక కుదరదన్నారు. అతను కోర్టుకు వెళ్లి గెలిచాడు. పాఠ్యపుస్తకాలను శబ్ద రూపంలోకి మార్పించుకుని చదివి 98 శాతం మార్కులు తెచ్చుకున్నాడు. అమెరికాలోని ఎంఐటీలో చేరిన తొలి విదేశీ అంధ విద్యార్థి అయ్యాడు. తిరిగి వచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించి, దివ్యాంగులకు ఉద్యోగాలు ఇచ్చాడు. 2024లో ఆయన జీవితం హిందీ సినిమాగా వచ్చింది.

ఈ కథ విని చాలామంది ఆయన పట్టుదలను మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసిందే. కానీ కోర్టు తీర్పు చేతికొచ్చాక కూడా, ఆ సైన్స్ పుస్తకాలను ఎవరో ఒకరు కూర్చుని చదివి రికార్డు చేయకపోతే ఆ 98 శాతం వచ్చేదా? ఆ కూర్చునే వాళ్లు ఎవరన్నదే మా ప్రశ్న.

చట్టం ఏమంటోంది?

పుస్తకం మొత్తం రికార్డు చేస్తే కాపీరైట్ తప్పు కాదా అని మాకూ అనుమానం వచ్చింది. చట్టం చూశాం. మన కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించారు. 52వ సెక్షన్‌లో చేర్చిన కొత్త నిబంధన ప్రకారం, దివ్యాంగులు చదువుకోవడానికి వీలుగా ఏ రచననైనా బ్రెయిలీ, ఆడియో వంటి రూపాల్లోకి ఎవరైనా మార్చవచ్చు, వారి చదువు కోసం, పరిశోధన కోసం వారికి ఇవ్వవచ్చు. లాభం తీసుకోకూడదు. తయారీ ఖర్చు మాత్రమే తీసుకోవచ్చు. అవి మామూలు వ్యాపారంలోకి వెళ్లకుండా చూడాలి. 'ఎవరైనా' అన్న మాటను గమనించండి. అందులో హాస్టల్ విద్యార్థులమైన మనమూ ఉన్నాం.

2013 జూన్ 27న మొరాకో దేశంలోని మరాకేష్ నగరంలో అంతర్జాతీయ ఒప్పందం ఒకటి కుదిరింది. ఒక దేశంలో తయారైన ఇలాంటి పుస్తకాన్ని మరో దేశంలోని అంధులు కూడా వాడుకునే వీలు దీనివల్ల కలిగింది. 2014లో దీనిని ఆమోదించిన మొట్టమొదటి దేశం మన భారతదేశమే. 2016 సెప్టెంబరు 30 నుంచి అది అమల్లోకి వచ్చింది. అదే సంవత్సరం ఆగస్టులో 'సుగమ్య పుస్తకాలయ' అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మన దేశంలో మొదలైంది. అచ్చు చదవలేని వారు అందులో సభ్యులై పుస్తకాలు తీసుకోవచ్చు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. ప్రభుత్వ ఉన్నత విద్యా సంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు వారికి కేటాయించాలంది. సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలని 42వ సెక్షన్‌లో చెప్పింది. సీటు ఇచ్చి పుస్తకం ఇవ్వకపోతే ఏమవుతుందో మా సెమినార్‌లో చూశాం. డాక్టర్ అంబేడ్కర్ గారు బడిలో విడిగా గోనెపట్టా మీద కూర్చుని చదివిన సంగతి మనందరికీ తెలుసు. తరగతిలో ఉండి కూడా తరగతికి బయట ఉండటమంటే ఏమిటో మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

మన ప్రాంతం మాట

ఇది చూపు లేని వారి సమస్య మాత్రమే అనుకోవద్దు. మన పశ్చిమ ప్రకాశం పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్ల బాధ అందరికీ తెలిసిందే. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించితే తాగడానికి పనికిరాదని ప్రమాణం. ఏళ్ల తరబడి అలాంటి నీళ్లు తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. మెడ వంగదు, చేతులు చాచలేరు. అలాంటి వ్యక్తి బల్ల మీది పుస్తకం మీదికి ఎలా వంగుతాడు? పేజీ ఎలా తిప్పుతాడు? మరాకేష్ ఒప్పందంలో పుస్తకాన్ని పట్టుకోలేని, పేజీలు తిప్పలేని వారినీ చేర్చారు. డిస్లెక్సియా ఉన్నవారూ అందులోకి వస్తారు. వినికిడి లేని విద్యార్థుల అవసరం వేరు. వారి కోసం ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలను సంజ్ఞా భాషలోకి మార్చేందుకు 2020 అక్టోబరులో ఒప్పందం జరిగింది.

మనం చేయగలిగినవి

మేము చేసి చూసినవి, తప్పులు చేసి నేర్చుకున్నవి కింద ఇస్తున్నాం.

1. చదివి రికార్డు చేయడం. మొదట పుస్తకం పేరు, రచయిత, ప్రచురణ సంవత్సరం చెప్పాలి. ప్రతి పేజీ మొదట్లో పేజీ నంబరు చెప్పాలి. వ్యాసం రాసేటప్పుడు పేజీ నంబరు లేకపోతే ఆ విద్యార్థి ఎక్కడి నుంచి తీసుకున్నాడో చూపలేడు. ఫుట్‌నోట్లు వదలకూడదు. పట్టికను అడ్డ వరుసల ప్రకారం, ప్రతి అంకె ఏ శీర్షిక కిందిదో చెబుతూ చదవాలి. బొమ్మ ఉంటే అందులో ఏముందో రెండు వాక్యాల్లో చెప్పాలి. మన అభిప్రాయాలు కలపకూడదు. ఒక్కో అధ్యాయం ఒక్కో ఫైలుగా పెట్టాలి.

2. ఫొటో పేజీలను అక్షరాలుగా మార్చడం. ఫోనుతో ఫొటో తీసి అక్షరాలుగా మార్చే సౌకర్యం ఇప్పుడు తెలుగుకూ ఉంది. కానీ ఒత్తుల దగ్గర, పేర్ల దగ్గర, అంకెల దగ్గర తప్పులు వస్తాయి. ఒకరు పుస్తకం చూస్తూ, ఇంకొకరు తెర చూస్తూ సరిదిద్దితే రెండు గంటల్లో ఒక చిన్న వ్యాసం పూర్తవుతుంది. చేసిన వారికీ ఆ పాఠం వచ్చేస్తుంది. మాకు అలాగే వచ్చింది.

3. మన రాతలు మనమే సరిగా తయారు చేయడం. నోట్సు, ప్రాజెక్టు, రేపు పరిశోధన చేస్తే సిద్ధాంత గ్రంథం, అన్నీ యూనికోడ్‌లో టైపు చేయించండి. శీర్షికలను లావు అక్షరాలతో సరిపెట్టకుండా వర్డ్‌లో 'హెడింగ్' అని గుర్తించండి. అప్పుడు స్క్రీన్ రీడర్ వాడేవారు నేరుగా కావలసిన అధ్యాయానికి వెళ్లగలరు. లేకపోతే 200 పేజీలూ మొదటి నుంచి వినాలి. ప్రతి బొమ్మకూ వివరణ రాయండి. రంగుతో మాత్రమే తేడా చూపకండి. మొదట్లోనే ఇలా చేస్తే అదనంగా పడే శ్రమ చాలా తక్కువ.

4. పరీక్షలో సహాయకుడిగా రాయడం. 2013 కేంద్ర మార్గదర్శకాల్లో ఇలాంటి అభ్యర్థులకు గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం చెప్పారు. రాసిపెట్టే వారు దొరక్క చివరి రోజున పరుగులు పెట్టే విద్యార్థులు ఉన్నారు. అర్హత నిబంధనలు ముందే తెలుసుకుని, పేరు ఇచ్చి ఉంచండి. చెప్పింది చెప్పినట్టు రాయండి.

5. అడగడం. లైబ్రరీలో, ప్రచురణకర్తల దగ్గర, "దీని యూనికోడ్ ఫైలు ఇవ్వగలరా?" అని ఉత్తరం రాయండి. ఒకరు అడిగితే పక్కన పెట్టవచ్చు. ఇరవై మంది అడిగితే ఆలోచిస్తారు. మనం చదివి వినిపించడం తాత్కాలికమే. పుస్తకం పుట్టినప్పుడే అందరికీ అందేలా పుట్టాలి.

ముగింపు

ఇప్పుడు మా మిత్రుని కోసం చదివే వేళ మార్చాం. రాత్రి నిద్ర వేళకు కాకుండా పొద్దున మా చదువుకు ముందే మొదలుపెడతాం. మా గొంతు బాగుందా లేదా అన్నది అతనికి పట్టదు. వరుస తప్పకపోతే చాలు. ఈ వ్యాసం కూడా మొదట అతనికే చదివి వినిపించాం. బ్రెయిలీలో 'అమ్మ' రాసే చోట పొల్లు గుర్తును రెండు 'మ'ల మధ్య పెట్టేశాం. అతనే సరిదిద్దాడు. చివర్లో, "మీ సంచిక నా ఫోను చదువుతుందా?" అని అడిగాడు.

అందుకే సంపాదక వర్గానికీ, వార్డెన్ గారికీ మా విన్నపం ఒక్కటే. ఈ వార్షికోత్సవ సంచికను యూనికోడ్ ఫైలుగా కూడా భద్రపరిచి, అడిగిన వారికి ఇవ్వండి. టైపు చేయడానికి, తప్పులు దిద్దడానికి మేము వస్తాం. పూర్వ విద్యార్థులు నెలకు ఒక్క ఆదివారం రెండు గంటలు ఇవ్వగలిగితే, వచ్చే వార్షికోత్సవం నాటికి మన హాస్టల్ పేరుతో కొన్ని పుస్తకాలైనా వినడానికి సిద్ధంగా ఉంటాయి. ఏ పుస్తకంతో మొదలుపెట్టాలో మాత్రం మనం నిర్ణయించవద్దు. వినబోయే వారిని అడుగుదాం.